రెండు వందల పద్నాలుగో సీటు

పదిహేడు కనబడింది. నలభై కనబడింది. నూట మూడు, దాని పక్కనే నూట నాలుగు కూడా కనబడ్డాయి. ఇద్దరూ కూడబలుక్కుని ఎగ్గొట్టి ఉంటారు. గుమాస్తా చార్టు మీద నాలుగు గళ్ళు పెన్సిలుతో నింపి, కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుని, మళ్ళీ కిందికి తొంగి చూశాడు.

కింద ప్రార్థనాలయంలో పాస్టరు వాక్యం చదువుతున్నాడు. ఆయన నెత్తికి సరిగ్గా పైన, పాటల బృందం కోసం ఎప్పుడో కట్టి, మెట్లు ఎక్కలేక వాళ్ళు వదిలేసిన కొయ్య బాల్కనీ ఒకటుంది. గుమాస్తా కూర్చునేది అందులో. ఎదురుగా రెండు వందల అరవై సీట్లు. ప్రతి సీటు వీపు పలక మీద అరచేయంత ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. మనిషి కూర్చుంటే నంబరు వీపు చాటుకి పోతుంది. నంబరు కనబడిందంటే మనిషి రానట్టు. కనబడ్డ నంబర్లను చార్టులో నింపడం ఆయన ముప్పయి ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని.

ఆ పని చిన్నదే కానీ దాని దెబ్బ పెద్దది. గ్రీకులో మొదటివాడైనా, తత్త్వశాస్త్రంలో మొదటిదైనా, టర్ములో పదిసార్లకు మించి ప్రార్థనకు రాకపోతే ఆ కాలేజీ పట్టా ఇవ్వదు. చార్టులు దాచే పెట్టె మూత లోపల మొదటి ప్రిన్సిపాలు సొంత చేత్తో రాసి అంటించిన కాగితం ఇంకా ఉంది: "ముఖాలు చూడవద్దు. నంబర్లు చూడు." పాస్టరుగారి కొడుకని, ఇటుకలు దానం చేసినాయన కూతురని మొహమాటపడకుండా ఉండడానికి పెట్టిన నియమం అది. విద్యార్థులు మాత్రం ఆయన్ని గద్ద అంటారు. మర్యాద ఉన్నవాళ్ళు గద్ద గారు అంటారు.

ప్రార్థన ముగిసింది. గుమాస్తా మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగేసరికి, కింద చరిత్ర మేడమ్ చంకలో కాగితాల కట్టతో నిలబడి ఉంది. కాలేజీకి నూరేళ్ళు నిండుతున్నాయని ఆవిడ ఒక పుస్తకం రాస్తోంది.

"గుమాస్తా గారూ, మీ కోసమే కాసుక్కూచున్నా. నాకో పాత చార్టు కావాలి. ఫోటో తీసి పుస్తకంలో వేస్తాం."

"ఏ సంవత్సరం మేడమ్?"

ఆవిడ సంవత్సరం చెప్పింది. ఇరవై ఆరేళ్ళ కిందటిది. గుమాస్తా చేయి మెట్ల కమ్మీని వెతుక్కుంది.

"ఎందుకంటే, 'వందేళ్ళ సాకులు' అని ఒక అధ్యాయం పెట్టాను," అని ఆవిడ నవ్వింది. "ఒకడేమో మేక నా బూట్లు నమిలేసిందని రాశాడు. ఒకడికి ఏడాదిలో ముగ్గురు నాయనమ్మలు పోయారు! కానీ అందరినీ మించిపోయింది ఒక పిల్ల. నలభై ఒక్క రోజులు రాలేదని మీరు గుర్తు పెడితే, రోజూ వచ్చానని వాదించి, ఏ రోజు పాస్టరుగారు ఏం చెప్పారో రోజువారీగా పదకొండు పేజీలు రాసింది. స్నేహితురాలి నోట్సు చూసి కాపీ కొట్టి ఉంటుంది. అబద్ధానికి అంత కష్టపడ్డ మనిషిని నేను చూళ్ళేదు. పేరుతో సహా వేస్తున్నా. మన మూడో వీధిలో రొట్టెల కొట్టావిడే, తెలుసా మీకు?"

"తెలుసు," అన్నాడు గుమాస్తా.

"నాలుగింటికి ప్రెస్సు మనిషి వస్తాడు. ఆలోగా తెచ్చివ్వండి. ఊరంతా నవ్వుకుంటారు చూడండి!"

చార్టుల గది ప్రార్థనాలయం వెనుక, పూర్వం బొగ్గు పోసుకున్న కొట్టు. గుమాస్తా తలుపు వేసుకుని కాసేపు చీకట్లో అలాగే నిలబడ్డాడు. గుండె పక్కింట్లో రోకటిపోటులా వినబడుతోంది. దీపం వేస్తే నూరేళ్ళ కాలేజీ అరలనిండా కనబడింది. గోదాం మీది మేడలో పదకొండు మందితో మొదలైన ఏడాది చార్టు పుస్తకమంత కూడా లేదు. అగ్నిప్రమాదం జరిగిన ఏడాది చార్టుల అంచులు గోధుమ రంగుకి మాడాయి. ఆడపిల్లల్ని చేర్చుకున్న మొదటి ఏడాది, వెనుక వరుసలో ఆరు సీట్లకు ఎర్ర సిరాతో గీత గీశారు. ఆ గీతను మూడేళ్ళ తర్వాత ఎవరో నల్ల సిరాతో కొట్టేశారు.

ఆయనకు కావలసిన చార్టు వెతుక్కోనవసరం లేదు. చీకట్లోనైనా చేయి దాని మీదికే పోతుంది.

ఆ ఏడాది ఆయన కళ్ళు మసకేశాయి. దూరపు అంకెలు నీళ్ళలో కదిలినట్టు కదిలేవి. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. చూపు లేని గద్దను ఎవరుంచుకుంటారు? ఉద్యోగంతోనే ఇల్లు, ఇంట్లో మూడేళ్ళ కూతురు. ఇత్తడి బిళ్ళలు కిటికీ వెలుతురుకి మెరుస్తాయి కాబట్టి, ముఖాలు తెలియకపోయినా, మెరిసిన చోటల్లా వేలితో వరుస లెక్కపెట్టి గళ్ళు నింపేవాడు. రెండు వందల పద్నాలుగు తరచూ మెరిసేది. నలభై ఒక్కసార్లు మెరిసింది.

ప్రిన్సిపాలు పిలిపించినప్పుడు ఆ అమ్మాయి గదిలో ఒక మూల నిలబడి ఉంది. పొట్టి పిల్ల. రొట్టెలు కాల్చేవాడి కూతురు. చేతి మీద పొయ్యి కాల్చిన మచ్చలు. "మీకేమైనా అనుమానం ఉందా?" అని ప్రిన్సిపాలు అడిగాడు. "చార్టు అబద్ధం చెప్పదండీ," అన్నాడు గుమాస్తా. ఆ పిల్ల ఒక్కసారి తలెత్తి ఆయన వంక చూసింది. పట్టా లేకుండానే వెళ్ళిపోయింది.

ఆ సెలవుల్లో భార్య పోరు పడలేక కళ్ళద్దాలు కొనుక్కున్నాడు. కొత్త టర్ము మొదటి ఉదయం బాల్కనీలోంచి చూస్తే లోకం కడిగినట్టుంది. మూడో వరుసలో ఒక కుర్రాడు నడుము వంచి, తల ముందు బల్లకి ఆనించి ప్రార్థన చేసుకుంటున్నాడు. వాడి వీపు వెనుక, ఖాళీగా, వాడి నంబరు ధగధగా మెరుస్తోంది. మనిషి ఉన్నాడు. నంబరూ కనబడుతోంది. గుమాస్తా పెన్సిలు కిందపడిపోయింది. ఊరికే వచ్చి కూర్చున్నవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. నిజంగా ప్రార్థించేవాళ్ళే వంగుతారు.

చెప్పాలనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపటికి ఇరవై ఆరేళ్ళొచ్చాయి. మూడో వీధిలోంచి పోకుండా చుట్టుతిరిగి నడవడం ఆయన కాళ్ళకు అలవాటయింది.

చార్టును చొక్కా లోపల పెట్టుకుని బయటికొచ్చాడు. తనకే తెలియకుండా వంటశాల వెనుక బాయిలరు దగ్గరికి నడిచాడు. ఇనప తలుపు తెరిచి ఉంది, లోపల మంట ఎర్రగా ఊపిరి పీలుస్తోంది.

బాయిలరు మనిషి పార ఆనించి పలకరించాడు. "ఏం గద్ద గారూ, ఇలా వాలారేంటి? ఇంత ఎండలో చలేసిందా?"

"ఊరికే."

"ముఖమేంటి అలా పాలిపోయింది? ఆగండాగండి, ఇలా కూర్చోండి." పెద్ద ముక్కాలి పీట లాగి, పక్కన పెట్టుకున్న చెంబులోంచి టీ వంచి ఇచ్చాడు. "నేను మీ నంబర్లలో లేను కాబట్టి బతికిపోయాను. లేకపోతే నా పేరు మీద చార్టంతా నల్లగా అయ్యుండేది."

గుమాస్తా నవ్వబోయాడు. చొక్కాలో కాగితం చెమటకి ఒంటికి అంటుకుంది. ఒక్క అడుగు ముందుకేసి విసిరితే చాలు, క్షణంలో బూడిద. బాయిలరు మనిషి ఎందుకని కూడా అడగడు. కానీ ఆ మనిషి తన టీ ఈయనకిచ్చేసి, ఖాళీ చెంబు బోర్లించుకుని చూస్తున్నాడు. ఆ చూపు ముందు చేయి పైకి లేవలేదు. టీ తాగి లేచాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాడు. కాలేజీ బట్టలన్నీ ఇస్త్రీ చేసేది ఆయన భార్యే. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కుర్చీలో కూర్చునే వడ్డిస్తుంది.

"ముద్ద నోట్లోకి పోవట్లేదేం? నా వంట అంత బాగుందా?"

"ఆకలి లేదు."

"ఇందాక రొట్టెల కొట్టావిడ దగ్గర తెప్పించాను, మూడో వీధి రొట్టె. ఇంకా వెచ్చగానే ఉంది, అది తినండి."

ఆయన రొట్టె వంక చూసి పళ్ళెం పక్కకు జరిపాడు. "ఒకమాట చెబుతాను. అరవకు. కళ్ళు కనబడని ఏడాది ఒక పిల్లకి అన్యాయం చేశాను. వచ్చిన పిల్లని రాలేదని రాశాను."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "అదా," అంది. "నిద్దట్లో 'నంబరు, నంబరు' అని గొణుగుతుంటే, ఈ మనిషికి చాటుగా లాటరీ పిచ్చేదో ఉందనుకున్నా ఇన్నాళ్ళూ."

"చెబితే ఇల్లు పోతుందే. రెండేళ్ళాగితే పదవీ విరమణ. నీ మోకాళ్ళతో ఎక్కడికని..."

"నా మోకాళ్ళను అడ్డం పెట్టుకోకండి. అవి మీకేం అపకారం చేశాయి?" అంది. తర్వాత మెల్లగా, "చెప్పమనీ అనను, మానమనీ అనను. ఈ గోడలు నా పుట్టింటివేం కాదు. కానీ రేపు రాత్రి కూడా ఈ మంచం మీద మీ పక్కన పడుకోవలసింది నేనే," అంది.

అయినా ధైర్యం రాలేదు. చార్టు ఇచ్చేసి, నోరు మూసుకుని వచ్చేద్దామని తీర్మానించుకునే రెండింటికి మేడమ్ గది మెట్లెక్కాడు. ఒక్కరోజు ఓర్చుకుంటే చాలు. జనం నవ్వుతారు, మరిచిపోతారు.

మేడమ్ చార్టును కిటికీ దగ్గర పరిచి ఫోటోలు తీసుకుంటూ, "కూర్చోండి, ఐదు నిమిషాలు. ఈలోగా ఆ సాకుల మహాకావ్యం చూడండి. నేను రెండు పేజీల దాకా చదివి ఇక ఓపిక లేక వదిలేశాను," అని ఒక కట్ట ఆయన ఒళ్ళో పెట్టింది.

గుండ్రటి చేతిరాత. ఒక్కో తేదీ, తేదీ కింద ఆరోజు వాక్యం, పాస్టరు చెప్పిన మాట. గుమాస్తా ఒక్కో పేజీ తిప్పాడు. ఇరవై ఆరేళ్ళ కిందట కూడా ఎవరూ చివరిదాకా చదివినట్టు లేరు. తొమ్మిదో పేజీ పదో పేజీకి అంచున అంటుకుపోయి ఉంది. గోటితో మెల్లగా విడదీశాడు. అక్కడ ముప్పయి నాలుగో రోజు కింద ఇలా రాసి ఉంది:

"ఈ రోజు పాస్టరుగారు తప్పిపోయిన గొర్రె గురించి చెప్పారు. మధ్యలో పై బాల్కనీలో గుమాస్తాగారికి దగ్గు తెర వచ్చి ఎంతకీ ఆగలేదు. ఆయన చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్ళారు. పాస్టరుగారు చెప్పింది తర్వాత నాకు సరిగా వినబడలేదు. నేను ఆయన గురించి ప్రార్థించాను."

ఆ దగ్గు ఆయనకు గుర్తుంది. నీళ్ళు తాగి తిరిగొచ్చి, కళ్ళు తుడుచుకుని, మెరుస్తున్న రెండు వందల పద్నాలుగును నింపిన సంగతీ గుర్తుంది.

ఆయన వేలు ఆ పేజీ మీదే ఆగింది. మేడమ్ తిరిగి చూసింది. "ఏమైంది గుమాస్తా గారూ? నీళ్ళు కావాలా?"

"ఆ పిల్ల వచ్చింది మేడమ్."

"ఎవరు?"

"రోజూ వచ్చింది. నాకే కనబడలేదు." అంతే, ఇక ఆగలేదు. కళ్ళ సంగతి, ఇత్తడి బిళ్ళల సంగతి, కొత్త టర్ములో వంగిన కుర్రాడి సంగతి, అన్నీ ముందువెనుకలుగా చెప్పేశాడు. దగ్గు గురించి రాసింది చూపించాడు. "ఇది ఎవరి నోట్సులోనూ ఉండదమ్మా. కింద ఉన్నవాళ్ళకే తెలుస్తుంది."

మేడమ్ ముఖంలో నవ్వు మాయమైంది. "నేను చూస్తే గానీ నమ్మను. నన్ను తప్పుగా అనుకోకండి, చరిత్ర రాసేవాళ్ళం. పదండి."

ఖాళీ ప్రార్థనాలయంలో వాళ్ళిద్దరే. గుమాస్తా పైకెక్కాడు. మేడమ్ వరుసలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి రెండు వందల పద్నాలుగులో కూర్చుంది. ఆవిడది ముదురు నీలం చీర, బల్లలు నల్లటివి.

"కళ్ళద్దాలు తియ్యండి!" అని కేకేసి, నడుం వంచి తల ముందు బల్లకి ఆనించింది. "ఏం కనబడుతోంది?"

గుమాస్తా కమ్మీ పట్టుకుని చూశాడు. బల్లలు, నీలం, నలుపు అన్నీ కలిసి ఒకే మసక. ఆ మసక మధ్య ఒక్క పసుపు వెలుగు.

"రెండు వందల పద్నాలుగు, మేడమ్."

"నేను?"

"మీరు లేరు."

ఆవిడ చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, ఆవిడ నుదుటి మీద బల్ల అంచు గీత పడింది.

నాలుగింటికి ప్రెస్సు మనిషి వచ్చేసరికి ఆ పిల్ల గురించి మేడమ్ రాసిన పేజీలు పుస్తకం కట్టలో లేవు. గుమాస్తా ఒక తెల్ల కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. "దీన్ని కౌన్సిలుకి ఇవ్వక తప్పదు," అంది మేడమ్, నేల చూస్తూ. "మీ ఇల్లు..."

"తెలుసమ్మా."

"ఆవిడకి నేను చెప్పనా?"

చెప్పమని అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. "నేనే వెళతాను," అన్నాడు.

మూడో వీధి ఆయనకు గుర్తున్నదానికన్నా ఇరుకుగా ఉంది. కొట్టులో ఆవిడ ఒక్కతే ఉంది. రేకు పళ్ళేలకు అంటుకున్న మాడు గీకుతోంది. జుట్టు నెరిసింది, చేతుల మీద పాత మచ్చల పక్కన కొత్త మచ్చలు. ఆయన్ని చూసి గీకడం ఆపింది. గుర్తుపట్టింది. గుమాస్తా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. అంతా అయ్యాక, పళ్ళెం పక్కన పెట్టి, "మా నాన్న నన్ను నమ్మలేదు," అంది. "పొద్దున్నే ముస్తాబై ఎక్కడికి పోయేదానివే అని అడిగేవాడు. చనిపోయేదాకా అడిగాడు."

క్షమించమని గుమాస్తా అడగాలని దారి పొడవునా వల్లె వేసుకొచ్చాడు. ఇప్పుడు ఆ మాట పైకి తియ్యడానికే భయమేసింది. అడిగితే ఆవిడ క్షమించవలసి వస్తుంది.

"రాసిచ్చారా? కాగితం మీద?"

"రాసిచ్చాను."

"మీ పేరుతోనేనా?"

"నా పేరుతోనే."

ఆవిడ చేతులు తుడుచుకుని, మూలనున్న స్టూలు ఈవలకి లాగింది. "కూర్చోండి. పడిపోయేలా ఉన్నారు." తను మళ్ళీ పళ్ళెం అందుకుని గీకడం మొదలుపెట్టింది. కొట్టు కట్టే వేళయ్యేదాకా ఆయన అలాగే కూర్చున్నాడు. లేచేటప్పుడు ఆవిడ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

తొమ్మిదో రోజు కౌన్సిలు తీర్మానం చేసింది. పట్టా సిద్ధం చేశారు. అది కార్యాలయం బీరువాలో ఉంది, ఆవిడ ఎప్పుడొచ్చి తీసుకుంటుందో ఎవరికీ తెలియదు. గుమాస్తాను ఆరోగ్య కారణాల మీద పంపిస్తున్నట్టు రాశారు. ఆ మాట పెట్టించింది చరిత్ర మేడమ్. ఒక ఉదయం, ప్రార్థన గంట మోగుతుండగా, భార్యాభర్తలిద్దరూ రెండు పెట్టెలతో వెనుక గేటు నుంచి కూతురింటికి బయలుదేరారు. మెట్ల దగ్గర ఆయన భార్య మోచేయి పట్టుకున్నాడు. ఎవరు ఎవరిని పట్టుకుని దింపారో చూసినవాళ్ళకి తెలియలేదు. బాయిలరు మనిషి గేటు దాకా పెట్టె మోశాడు.

లోపల పాస్టరు వాక్యం చదవడం మొదలుపెట్టాడు. బాల్కనీ ఖాళీగా ఉంది. అక్కడ కొయ్య కుర్చీ కింద, నడిచినప్పుడు పలకలు కిర్రుమని కింది ప్రార్థన చెడకూడదని గుమాస్తా రోజూ మార్చుకుని తొడుక్కునే గుడ్డ చెప్పులు, మడమల దగ్గర చీరపేలికలతో రెండుసార్లు అతుకులు వేసినవి, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.